ఆమె చెప్పిన ధర

బోర్డుల మాస్టారికి రాని అక్షరం లేదు. పొట్టివి, పొడుగువి, నీడ పడేవి, నిప్పులా మండేవి, మంచు కారుతున్నట్టు ఉండేవి, ఏ షాపుకి ఏది నప్పుతుందో చూడగానే చెప్పేవాడు. రానిదల్లా ఒక్కటే. "ఎంతవుతుంది మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం. ఆ ప్రశ్న చెవిన పడగానే గుడ్డ తీసి కుంచె తుడవడం మొదలుపెట్టేవాడు. తుడిచిన కుంచెనే మళ్ళీ తుడిచేవాడు. చివరికి నేల చూస్తూ, "మీ ఇష్టం" అనేవాడు. ఆ రెండు మాటల్ని మించిన చవక ధర లోకంలో లేదని షాపువాళ్ళందరికీ తెలుసు.

ముప్పై ఏళ్ళపాటు ఆ ఇల్లు గడిచిందంటే అదంతా ఆయన భార్య నోటి చలవ. ఆవిడ బట్టలు కుట్టేది. వీధి వైపు గదిలో కిటికీ కింద ఆవిడ మిషను, ఎదురు గోడకి ఆయన రంగు డబ్బాలు. షాపువాడు లోపలికి వచ్చి బోర్డు సంగతి ఎత్తగానే, ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే లెక్క చెప్పేది. చదరపు అడుగుకి ఇంత, బొమ్మ ఉంటే దానికి ఇంకో ఇంత, సగం ముందు, మిగతా సగం సరుకు చేతికొచ్చాక. వచ్చినవాడు నసిగితే, దారం కొస పళ్ళతో తెంపి, "అంతేనండీ. తగ్గించడం కుదరదు" అనేది. ఆ మాటలో కోపం ఉండేది కాదు, విసుగూ ఉండేది కాదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పేది. వాళ్ళు నోరు మూసుకుని ఇచ్చి వెళ్ళేవాళ్ళు.

చదరపు అడుగు లెక్క కూడా ఆవిడ పెట్టిందే. పెళ్ళైన కొత్తలో ఈయన రెండు గోడల నిండా బొమ్మలు వేసి, టీ డబ్బులు పట్టుకుని ఇంటికొచ్చిన రోజున, "కొలవడం మీకు వచ్చు కదా, గుణించడం నేను చూసుకుంటాను" అని తేల్చేసింది. అప్పట్నుంచి అది ఆయనకి శిలాశాసనం. అయితే ఆయన సొంతంగా పెట్టుకున్న నియమం కూడా ఒకటుంది. దాని వెనక ఒక పులి ఉంది.

తొలి రోజుల్లో టైర్ల షాపు గోడకి ఒక పులిని వేశాడు. అది బాగా కుదిరింది. నెల తిరక్కుండా నాలుగు వీధుల అవతల తాళాల షాపువాడు అడిగితే, నమూనా కాగితం ఉంది కదా అని అదే పులిని అక్కడా దింపాడు. టైర్ల షాపు యజమాని వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు. అరవలేదు. "నా పులి వాడి గోడ మీద ఏం చేస్తోంది మాస్టారూ?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ చచ్చేదాకా ఈయనతో మాట్లాడలేదు. ఆ సిగ్గు ఈయన ఒంట్లోంచి పోలేదు. ఆ రోజు నుంచి ఒక బొమ్మ ఒకరికే. బోర్డు ఇచ్చేటప్పుడు దాని నమూనా కాగితాన్ని కూడా చుట్ట చుట్టి చేతిలో పెట్టేసేవాడు. అమ్మిన వస్తువు తాలూకు ముక్క కూడా ఇంట్లో ఉండకూడదన్నది ఆయన పట్టింపు. ఇంత పట్టింపు అవసరమా అంటే, అవసరం లేదు. కానీ మనిషన్నాక ఏదో ఒక పట్టింపు ఉంటుంది, ఈయనకి ఇది ఉంది.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. వారం పట్టే బోర్డు గంటలో చుట్టగా చేతికొచ్చేస్తుంటే, కుంచె పట్టుకున్నవాడి కోసం ఎవరు ఆగుతారు? రెండు వీధుల అవతల ఫ్లెక్సు షాపు పెట్టినవాడు మంచివాడే. మాస్టారి నోటి దగ్గర కూడు తీశానన్న బాధ అతనికి లోలోపల ఉండేది. అందుకని తీరిక దొరికితే వచ్చి కూర్చునేవాడు. ఆస్పత్రిలో రిసెప్షన్‌లో పనిచేసే మాస్టారి కూతురు జీతంలోంచి కూడబెట్టి నాన్నకి ఒక ట్యాబ్ కొనిచ్చింది. గాజు మీద గీయడం మొదట్లో నీళ్ళ మీద గీసినట్టుందని సణిగాడు కానీ ఆర్నెల్లకి చెయ్యి తిరిగింది. బొమ్మలు అమ్మే సైట్‌లో ఖాతా తెరిచిపెట్టింది ఫ్లెక్సు షాపాయనే.

ఆ సైట్‌లో బొమ్మ పెట్టినప్పుడల్లా కింద మూడు గళ్ళు వచ్చేవి. మొదటిది, కొన్నవాళ్ళు ఇంట్లో పెట్టుకోవడానికి. రెండోది, వ్యాపారానికి వాడుకోవడానికి, అయినా బొమ్మ మనదే, ఇంకొకరికీ ఇవ్వచ్చు. మూడోది పూర్తి హక్కులు. అది నొక్కితే ఆ బొమ్మకీ వేసినవాడికీ సంబంధం తెగిపోయినట్టే. మాస్టారికి అర్థం కావాలని ఫ్లెక్సు షాపాయన అద్దె ఇంటి లెక్కలో చెప్పాడు. మొదటి రెండూ అద్దెకివ్వడం, మూడోది తాళంచెవులు ఇచ్చెయ్యడం. మాస్టారికి నచ్చలేదు. ఒకే గదిని పదిమందికి అద్దెకిస్తే వాళ్ళు తన్నుకు చావరా అని అడిగాడు. భార్య మిషను దగ్గర్నుంచే నవ్వి, "మీ పులి చచ్చి పాతికేళ్ళయింది, ఇక వదిలెయ్యండి" అంది. బొమ్మలన్నిటికీ రెండో గడి పెట్టించింది. ఒక్కో బొమ్మనీ ట్యాబ్‌లో చూసి ధర కూడా తనే చెప్పింది. ఎప్పట్లాగే ఆవిడ చెప్పినదానికి కొన్నారు. చాలామంది కాదు, నెలకి ఇద్దరో ముగ్గురో. ఇంటి కరెంటు బిల్లుకి సరిపోయేది.

అన్నేళ్ళలో ఆయన తన భార్య బొమ్మ వేయలేదు. ఎవరో అడిగితే వేయడమే తప్ప తనంతట తను వేయడం తెలియని మనిషి. ఆవిడకి ఒంట్లో బాగాలేదని తేలి, మందులు ఎక్కువై మిషను తొక్కడం తగ్గాక, ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర సూదిలోకి దారం ఎక్కిస్తూ కనబడింది. చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఎడమ కన్ను చిట్లించి, పెదాల మధ్య దారం కొస తడిపి, మళ్ళీ ప్రయత్నిస్తోంది. ఆయన ట్యాబ్ తీశాడు. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అరచేతిలో పట్టేంత చిన్న బొమ్మ అది.

చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసింది. "నా ముక్కు ఇంత లావా?" అంది. తర్వాత సైట్‌లో పెట్టమంది. ఆయన వద్దన్నాడు. "పెట్టండి. రోజూ నలుగురి కళ్ళ ముందూ కూర్చుంటాను. ధర మాత్రం నేను చెప్తాను" అని ఒక అంకె చెప్పింది. మూడు నెలల ఇంటద్దె అది. అక్కడే ఉన్న కూతురు ఫక్కున నవ్వింది. ఆ డబ్బు పెట్టి ఎవరు కొంటారమ్మా అంది. "ఎవరూ కొనకూడదనే" అంది ఆవిడ. అంత ధర పెడితే షాపు అద్దాల వెనక ఎప్పటికీ అలాగే ఉండిపోతానని ఆవిడ ఆలోచన. ఆయన ఆ అంకె వేశాడు.

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన ఆ పేజీ చూడటం మానేశాడు. సైట్ తెరిచినా, ఆ బొమ్మ వచ్చే చోట కళ్ళు పక్కకి తిప్పుకుని గబగబా వేలితో పైకి తోసేసేవాడు. కూతురి పద్ధతి దానికి పూర్తిగా వేరు. రోజూ ఆస్పత్రిలో మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పే ముందు ఫోన్లో ఆ పేజీ తెరిచి, వాళ్ళమ్మని చూసుకుని, మూసేసి, అప్పుడు తినేది. ఇంట్లో ఆవిడ ఫొటోలు లేవు. కెమెరా కనబడితే పక్కనున్నవాళ్ళ వెనక దూరే రకం. గుర్తింపు కార్డు మీద ఉన్న ఫొటోలో కళ్ళు మూతలు పడి ఉన్నాయి. తండ్రి ఆ పేజీ చూడడనీ, కూతురు రోజూ చూస్తుందనీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇలాంటివే తెలియవు.

ఆవిడ పోయిన పదో నెలలో ఎవరో సైట్ ద్వారా ఉత్తరం రాశారు. మీ బొమ్మలు కొన్ని కావాలి, పూర్తి హక్కులతో ఇస్తే ఎంత, వెంటనే చెప్పండి అని. మాస్టారు ట్యాబ్ ముందు కూర్చుని, గుడ్డ తీసి దాని అద్దం తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. మిషను వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఫ్లెక్సు షాపాయన ఊళ్ళో లేడు. కూతుర్ని ఆస్పత్రిలో పనిలో ఉండగా విసిగించడం ఇష్టం లేదు. కాసేపటికి ఆయనకి పాత లెక్క గుర్తొచ్చింది. చదరపు అడుగుకి ఇంత. అచ్చు వేస్తే ఏ బొమ్మ ఎన్ని అడుగులొస్తుందో కొలిచాడు, గుణించాడు. పూర్తి హక్కులంటే ఆయన మనసుకీ హాయిగానే అనిపించింది. ఒక బొమ్మ ఒకరికే, ఎవరి పులి వాళ్ళ గోడ మీదే. ఇక ధరలు మార్చాలి. నలభై మూడు బొమ్మలు. ఒక్కోటీ తెరిచి మారిస్తే మధ్యలో ఆ బొమ్మ కూడా తెరవాలి. పైన 'అన్నీ' అని ఒక గడి ఉంది. ఆయన కళ్ళు పక్కకి తిప్పుకుని అది నొక్కి, అన్నిటికీ ఒకేసారి మూడో గడి, అడుగుల లెక్క ధర పెట్టేశాడు.

అడుగుల లెక్కలో అన్నిటికన్నా చిన్న బొమ్మ ఏదో, అన్నిటికన్నా చవక అదే అయింది.

రెండు రోజుల్లో ఆరు బొమ్మలు పోయాయి. సైట్ నుంచి వచ్చిన కాగితంలో బొమ్మలు లేవు, నంబర్లే ఉన్నాయి. మీ దగ్గరున్న కాపీలన్నీ తొలగించి ఈ గడిలో టిక్కు పెట్టండి అని ఉంది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఆరు నంబర్లూ కాగితం మీద రాసుకుని, బొమ్మలు తెరవకుండానే ఒక్కో నంబరూ సరిచూసుకుంటూ ట్యాబ్‌లోంచి తీసేశాడు. చెత్తబుట్ట బొమ్మ నొక్కి అది కూడా ఖాళీ చేశాడు. నమూనా కాగితం చుట్ట చుట్టి ఇచ్చేసినంత తృప్తిగా టిక్కు పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం కూతురు భోజనం డబ్బా విప్పబోతూ ఫోన్ తెరిచింది. వాళ్ళమ్మ ఉండే చోట బూడిద రంగు గడి ఉంది. 'ఈ బొమ్మ అమ్ముడైపోయింది' అని ఉంది.

ఆ పిల్ల డబ్బా అలాగే సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. కేకలు వేయలేదు. చెప్పులు విప్పి, ఎదురుగా కూర్చుని, "అమ్మ బొమ్మ ఎవరికిచ్చావు నాన్నా?" అని అడిగింది. ఆయనకి మొదట అర్థం కాలేదు. తర్వాత నంబర్లు రాసుకున్న కాగితం తీసి, ఆ పిల్ల ఫోన్లో బూడిద రంగు గడి కిందున్న నంబరుతో పోల్చాడు. నాలుగో నంబరు మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడి నుంచి తీయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

ఊరి నుంచి వచ్చాక ఫ్లెక్సు షాపాయన తల పట్టుకున్నాడు. "కాపీలు తీసెయ్యమంటే ఎవరు తీస్తారు మాస్టారూ? అందరూ టిక్కు పెట్టి దాచుకుంటారు. లోకంలో నిజంగా తీసేసినవాళ్ళు మీరొక్కరే అయ్యుంటారు" అన్నాడు. తన దగ్గరున్న యంత్రాలన్నీ ట్యాబ్‌కి తగిలించి వెతికాడు. ఏమీ దొరకలేదు. మాస్టారు ఏ పనీ సగం చేసే మనిషి కాదు. సైట్‌వాళ్ళకి ఉత్తరం రాస్తే, కొన్నవారి వివరాలు చెప్పబోమని, పూర్తి హక్కుల అమ్మకం వెనక్కి తీసుకోవడం కుదరదని, మీ నిజాయితీకి ధన్యవాదాలని జవాబొచ్చింది. ఆ ధన్యవాదాలు చదివి కూతురు ఫోన్ బోర్లా పెట్టేసింది.

మళ్ళీ వేస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. ఆయనకీ తోచింది. నెల రోజులు కూర్చున్నాడు. గీసిన ప్రతిసారీ ముఖం అందంగా వచ్చేది. పెద్ద కళ్ళు, సన్నని ముక్కు, బుగ్గ మీద సొట్ట. సబ్బుల షాపుకీ బట్టల షాపుకీ గాజుల షాపుకీ ముప్పై ఏళ్ళు వేసిన ముఖం అది. చేతికి ఆ ఒక్క ఆడమనిషే తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసినప్పుడు ఆవిడే వచ్చింది. ఇప్పుడు తల్చుకుని వేస్తుంటే బోర్డు వస్తోంది. ఏడాది నిండే లోపు అమ్మ బొమ్మకి ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుందామని కూతురు అంతకుముందే అడిగి ఉంది. ఇప్పుడు ఆ మాట ఎత్తడం మానేసింది. అది ఎత్తకపోవడమే ఆయనకి ఎక్కువ బాధగా ఉండేది. రాత్రి అన్నాల దగ్గర ఇద్దరూ ఉప్పు, నీళ్ళు తప్ప వేరే మాట్లాడుకునేవాళ్ళు కాదు.

దారి చూపించింది ఆవిడతో పాటు కుట్టుపని చేసిన స్నేహితురాలు. ఒక సాయంత్రం గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యగారూ, ఇది చూడండి" అని ఒక దారపు రీళ్ళ పెట్టె చేతిలో పెట్టింది. కొత్త రకం దారం, ఆ వారమే షాపులోకి వచ్చిందట. పెట్టె మూత మీద, ప్రతి రీలు నెత్తిన అంటించిన గుండ్రటి కాగితం మీద, బొటనవేలి గోరంత బొమ్మ. ఎడమ కన్ను చిట్లించి, పెదాల మధ్య దారం కొస పట్టుకుని సూది వైపు చూస్తోంది.

మాస్టారి భార్య జీవితమంతా దారం కొన్న మనిషి. ఆ పెట్టెని మాస్టారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. కూతురు వచ్చాక ఇద్దరూ చూశారు. ఇంతకాలానికి ఆ పిల్ల నాన్న భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఫ్లెక్సు షాపాయన ఆ గోరంత బొమ్మని తన యంత్రంలో పెట్టి నాలుగు అడుగులకి పెంచి అచ్చు తీశాడు. దగ్గర్నుంచి చూస్తే చుక్కలు, దూరం నుంచి చూస్తే మబ్బు. ముక్కు ఎక్కడుందో తెలియలేదు. అతను దాన్ని చుట్టి బల్ల కింద పెట్టేసి, పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫోన్ నంబరు చదివి వినిపించాడు.

మాస్టారు రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేశాడు. నలుగురి చేతులు మారి చివరికి లేబుళ్ళ సంగతి చూసే ఒకావిడ దగ్గరికి వెళ్ళింది. బొమ్మ వేసినవాణ్ణి అనగానే ఆవిడ జాగ్రత్తపడింది. సరుకు మార్కెట్లోకి వచ్చాక ఇంకా డబ్బు కావాలని ఫోన్లు చేసేవాళ్ళని చూసి చూసి ఉంది పాపం. హక్కులన్నీ ఇచ్చేశారు కదండీ, మళ్ళీ ఏమిటి అంది.

"డబ్బు వద్దమ్మా. ఒక్కసారి పెద్ద సైజులో చూడాలి. అందులో ఉన్నది మా ఆవిడ. ఇప్పుడు లేదు. నా దగ్గర ఇంకో కాపీ లేదు."

ఎందుకు లేదని ఆవిడ అడిగింది. మీరు తీసెయ్యమన్నారు కదమ్మా అని ఆయన చెప్పాడు. పైవాళ్ళని అడిగి చెప్తానని ఆవిడ పెట్టేసింది.

తొమ్మిది రోజుల తర్వాత ఒప్పందం వచ్చింది. కూతురు గట్టిగా చదివింది. ఈ బొమ్మ మీద సర్వహక్కులూ కంపెనీవే. ఒక్క కాపీని బోర్డుల మాస్టారు తన ఇంట్లో పెట్టుకోవచ్చు. అమ్మకూడదు, మార్చకూడదు, బయట ప్రదర్శించకూడదు. ఎంతకాలానికి అన్న చోట 'ఎప్పటికీ' అని ఉంది. ధర అన్న చోట మాత్రం ఖాళీ. కింద లేబుళ్ళావిడ సొంతంగా ఒక ముక్క రాసింది. ధర లేని ఒప్పందం చెల్లదంటున్నారు మా లాయరు, ఏదో ఒకటి ఉండాలట, ఒకటి అని వేసినా చాలు, అంకె మీ ఇష్టం.

మీ ఇష్టం. ముప్పై ఏళ్ళు తను అందరికీ చెప్పిన మాట తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఒకటి వేసెయ్యండి, పని అయిపోతుంది అన్నాడు ఫ్లెక్సు షాపాయన. మాస్టారు పెన్ను తీసుకున్నాడు. గుడ్డ కోసం చూశాడు. పెన్ను తుడిచాడు. ఎదురుగా కిటికీ కింద మిషను, దాని మీద ఆవిడ చివరిగా ఎక్కించిన దారం ఇంకా అలాగే ఉంది. ఆయన మరి తుడవలేదు. ఖాళీలో అంకె వేశాడు. అక్షరాల్లో కూడా రాశాడు, షాపు బోర్డు మీద రాసినంత శ్రద్ధగా.

మూడు నెలల ఇంటద్దె.

ఫ్లెక్సు షాపాయన నోరు తెరిచి ఏదో అనబోయాడు. కూతురు అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ అంకె పుట్టినప్పుడు ఆ గదిలో ఉన్నది, నవ్వింది తనే. నాన్న దాచుకున్నదంతా కలిపినా సరిపోదని ఆ పిల్లకి తెలుసు. "సగం ముందు కదా నాన్నా. మిగతా సగం నేను వేస్తాను" అంది.

సగం పంపారు. మర్నాడు పొద్దున బొమ్మ వచ్చింది. ట్యాబ్‌లో తెరిస్తే అద్దం నిండా ఆవిడే. చిట్లించిన ఎడమ కన్ను, తడిసిన దారం కొస, వేలికి మిషను సూది గుచ్చుకున్న పాత మచ్చ. ఆ మచ్చ వేసినట్టు ఆయనకే గుర్తులేదు. ముక్కు లావుగానే ఉంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. సరుకు చేతికొచ్చింది కాబట్టి కూతురు ఫోన్ తీసి మిగతా సగం కూడా పంపేసింది.

పావుగంటలో ఫోన్ మోగింది. లేబుళ్ళావిడ. కంగారుగా ఉంది. కాగితం మీద అంకె పొరపాటున పడిందేమో, సున్నాలు ఎక్కువయ్యాయేమో అంది. మీరు మాకు అమ్మిన ధరకి ఇది ఎన్నో రెట్లు, ఒకటి వేస్తే చాలన్నాను కదండీ, ఇప్పటికైనా సరిచేసి వెనక్కి పంపిస్తాను, ఎంత చెయ్యమంటారు చెప్పండి అని అడిగింది.

అవతలివాళ్ళు ధర అడుగుతున్నారు. కూతురు ఆయన చేతి వైపు చూసింది. గుడ్డ పక్కనే ఉంది. ఆయన దాని జోలికి వెళ్ళలేదు. ట్యాబ్ అద్దంలో ఆవిడ తల ఎత్తకుండా దారం ఎక్కిస్తోంది.

"అంతేనమ్మా," అన్నాడు బోర్డుల మాస్టారు. "తగ్గించడం కుదరదు."